వెంటిలేటర్ మీద కొలిస్టిన్ నెబ్యులైజేషన్: నా అనుభవం

శ్రీకాకుళంలో ఐసీయూ డ్యూటీ చేసేవాళ్లం కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ రాసిన చీటీ చూడగానే, అది కిడ్నీలకి చేటు చేయగలదు కాబట్టి, వాటి పనితీరు చెప్పే క్రియాటినిన్ రిపోర్టు వెతుక్కుంటాం. కవిటి, సోంపేట, పలాస వైపు నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి కిడ్నీలు ముందే దెబ్బతిని ఉంటాయి మరి. అలాంటి మనిషికి అడ్మిట్ అయిన 48 గంటలు దాటాక న్యుమోనియా పట్టుకుని, కఫం కల్చర్‌లో కొలిస్టిన్‌కి తప్ప దేనికీ లొంగని అసినెటోబాక్టర్ అనే బ్యాక్టీరియా పెరిగితే, ‘సూది మందు ఆపేసి ఆవిరిగానే ఇవ్వొచ్చు కదండీ’ అంటారు ఇంటివాళ్లు. అలా కుదరదు. 2016 అమెరికా గైడ్‌లైన్స్ కూడా సూది మందుకి తోడుగానే ఇవ్వమన్నాయి. పైగా పీల్చిన మందులో కొంత రక్తంలోకీ చేరుతుంది, కాబట్టి క్రియాటినిన్ చూడటం తప్పదు.

డోసు డాక్టరు రాస్తారు. అది యూనిట్లా, మిల్లీగ్రాములా అన్నది మాత్రం మనమే అడిగి తేల్చుకోవాలి. 10 లక్షల యూనిట్లంటే 80 మి.గ్రా. కొలిస్టిమెథేట్ (వయల్‌లో పొడిగా వచ్చే రూపం), బేస్ లెక్కన, అంటే అసలు కొలిస్టిన్ లెక్కన చూస్తే సుమారు 33 మి.గ్రా.యే. ఈ రెండు లెక్కలు కలిసిపోతే డోసు రెట్టింపు దాటిపోతుంది.

పొడిలో సెలైన్ పోశాక వయల్‌ని గట్టిగా ఊపకూడదు, నురగ వస్తుంది. మెల్లగా తిప్పితే చాలు. రాత్రి డోసుకి పనికొస్తుందని పొద్దున్నే కలిపి ఫ్రిజ్‌లో పెట్టే అలవాటు కొన్నిచోట్ల ఉంది, అది ప్రమాదం. నీళ్లలో ఉన్నకొద్దీ ఆ మందు కొలిస్టిన్‌గా విడిపోయి ఊపిరితిత్తుల్ని గాయపరుస్తుంది. దీని మీద అమెరికా ఎఫ్‌డీఏ 2007లోనే హెచ్చరించింది.

అసలు పనంతా వెంటిలేటర్ గొట్టాల సర్క్యూట్ దగ్గరే. ముందుగా హెచ్ఎంఈ ఫిల్టర్ (పేషెంటు పీల్చే గాలికి తేమ, వెచ్చదనం ఇచ్చేది) తీసెయ్యాలి. అది ఉంటే మందంతా దాంట్లోనే ఆగిపోతుంది, పేషెంటుకి చేరేది ఏమీ ఉండదు. సన్నటి జల్లెడ కంపనంతో మందుని తుంపరగా మార్చే మెష్ నెబ్యులైజర్‌ని ఇన్‌స్పిరేటరీ (గాలి లోపలికి వెళ్లే) గొట్టంలో, రెండు గొట్టాలు కలిసే వై ముక్కకి ఓ 15 సెం.మీ. ముందు పెడతాం. గ్యాస్ ఒత్తిడితో నడిచే జెట్ నెబ్యులైజర్ అయితే బయటి గ్యాస్ నిమిషానికి 6–8 లీటర్లు అదనంగా కలుస్తుంది. దాంతో టైడల్ వాల్యూమ్ (ఒక్కో శ్వాసకి లోపలికి వెళ్లే గాలి) పెరుగుతుంది, పేషెంటు సొంతంగా తీసే శ్వాసని మెషీన్ పసిగట్టలేకపోవచ్చు. అందులో మందు కూడా చాలానే మిగిలిపోతుంది. డబ్బు చూసుకోవాల్సిన చోట జెట్‌తోనే నెట్టుకొస్తారు గానీ, నా ఓటు మెష్‌కే.

ఎక్స్‌పిరేటరీ వైపు, అంటే గాలి బయటికి వచ్చే గొట్టానికి ఫిల్టర్ ఉండి తీరాలి. మందు పేరుకుని అది మూసుకుపోతే గాలి బయటికి పోక లోపలే చిక్కుకుంటుంది, ప్రెషర్ అలారం మోగుతుంది. వెంటనే ఫిల్టర్ మార్చాలి. మార్చినా ప్రెషర్ దిగకపోతే, ఛాతీలో పిల్లికూతలు వినిపిస్తే, పేషెంటు శ్వాసనాళాలు బిగుసుకున్నట్టే. నెబ్యులైజేషన్ ఆపి డాక్టర్ని పిలవాలి. అందుకే చాలామంది ముందుగా శ్వాసనాళాల్ని వదులుచేసే సాల్బుటమాల్ ఇస్తారు.

అయిపోయాక నెబ్యులైజర్ కడిగి ఆరబెట్టడం అందరికీ గుర్తుంటుంది. హెచ్ఎంఈ తిరిగి పెట్టడమే మరిచిపోతారు. తేమ లేని గాలికి కఫం ఎండి ట్యూబులో గట్టిపడుతుంది. డ్యూటీ మారేటప్పుడు ముందుగా చూడాల్సింది దాన్నే.