సెలవుల్లో మ్యాచ్, సినిమా రెండూ కుదరాలంటే

వరుసగా మూడు రోజులు సెలవులంటే చాలు, ఫ్రెండ్స్ గ్రూపులో వాదన మొదలు: మ్యాచ్ ముందా, సినిమా ముందా? నా ఓటు మ్యాచ్‌కే. సినిమా ఎప్పుడైనా చూడొచ్చు, ఛేజింగ్‌లో ఆఖరి ఓవర్‌ని లైవ్‌లో చూస్తేనే మజా.

అంతర్జాతీయ టీ20లో నిబంధనల ప్రకారం ఇన్నింగ్స్‌కి 85 నిమిషాలు, మధ్యలో 20 నిమిషాల విరామం. మొత్తం 3 గంటల 10 నిమిషాలు. రివ్యూలు, గాయాలు, తడి బంతిని తుడుచుకోవడాలు కలిస్తే మూడున్నర దాటేస్తుంది. టై అయితే సూపర్ ఓవర్ కూడా. అందుకే మ్యాచ్ మొదలైన నాలుగు గంటల తర్వాతే సినిమాకి టైమ్ పెట్టుకోండి. వాన పడిందని తొందరపడి టీవీ కట్టేయకండి, రెండో జట్టు 5 ఓవర్లు ఆడినా ఫలితం తేలుతుంది.

అసలు గొడవంతా స్ట్రీమింగ్ దగ్గరే. వీడియోని చిన్న చిన్న ముక్కలుగా కోసి పంపుతారు. ముక్క 6 సెకన్లదనుకోండి, మూడు ముక్కలు చేతికొచ్చాక యాప్ బొమ్మ చూపిస్తే అక్కడే 18 సెకన్లు పోయినట్టు. ఈలోపు కేబుల్ టీవీలో చూస్తున్నవాడు గ్రూపులో "అవుట్!" అని పెట్టేస్తాడు. మీ తెర మీద బౌలర్ ఇంకా రనప్‌లోనే ఉంటాడు! స్కోర్ నోటిఫికేషన్లు ఆపేసి, ఫోన్లు బోర్లా పెట్టేయండి. నెట్ మధ్యలో ఆగిందంటే ఆలస్యం ఇంకా పెరుగుతుంది, అప్పుడు 'లైవ్' బటన్ నొక్కాల్సిందే.

ఇక సినిమాకి ఒక్కటే జాగ్రత్త. బ్లూటూత్ స్పీకర్‌లో పెదవులు ముందు కదిలి మాట వెనకొస్తుంటే, వైరుతో కలపండి.