చేతులెత్తితే తెలుస్తుంది

కావలి ట్రంకు రోడ్డు పక్కన పదకొండేళ్లు జాకెట్లు కుట్టాను. గౌను ఏపాటిదిలే అనుకుని కువైట్ విమానం ఎక్కాను. మొదటి నెలలోనే ఒక బోట్ నెక్ గౌను, అంటే మెడ భుజాల దాకా వెడల్పుగా ఉండే గౌను, నా పొగరు దించింది.

అక్కడ మా షాపులో ట్రయల్ అంతా తెర వెనకే. మగ టైలర్లం లోపలికి పోకూడదు. ఫిలిప్పీన్స్ అమ్మాయి వెళ్లి పిన్నులు గుచ్చి తెస్తుంది. ఆ పిన్నుల్ని బట్టి ఒంటి మీద ఏం జరిగిందో నేను ఊహించుకోవాలి. 'వాసె' అంటే వదులు, 'దయ్యిగ్' అంటే బిగుతు. అప్పటికి నాకొచ్చిన అరబ్బీ అంతే.

ఆ రోజు తెర వెనక నుంచి రెండు మాటలూ వినపడ్డాయి. మెడ వదులు, చంక బిగుతు. ఆమె జుట్టు సర్దుకుందామని చేయి ఎత్తగానే భుజం మీద గుడ్డ జారిపోయిందట. చంక బిగుతంటే మనూళ్లో ఏం చేస్తాం? కిందికి తవ్వుతాం. అరంగుళం తవ్వాను. ఇంకా అధ్వానమైంది. పై భాగమంతా మళ్లీ కోయాల్సొచ్చింది, ఆ శాటిన్ డబ్బులు నా జీతంలో పట్టుకున్నారు.

ఈజిప్టు మాస్టరు తిట్టలేదు. కోరా గుడ్డ మీద కోసి చూపించాడు. చంక లోతయ్యే కొద్దీ చేయి ఎత్తినప్పుడు ఆ చేతి గుడ్డ గౌను మొత్తాన్ని పైకి లాగుతుంది. వెడల్పు మెడకి భుజం మీద మిగిలేది రెండంగుళాల పట్టీ, అది దేన్ని ఆపుతుంది? అందుకని చంకను ఒంటికి దగ్గరగా పైకి తేవాలి. చేతి గుండ్రం, అంటే భుజానికి అతికే పై వంపు, ఎత్తు తగ్గించి, దండచెయ్యి దగ్గర వెడల్పు పెంచాలి. చేయి దించినప్పుడు చంక పక్కన నాలుగు ముడతలు పడతాయి. పడనీ. ముడత లేకుండా వేలాడే చెయ్యి ఫొటోకి బాగుంటుంది, అన్నం ముద్ద నోటిదాకా రానివ్వదు.

మెడ వదులు ఇంకో సంగతి. ముందు మెడ ఎక్కడ ఎగదన్నిందో అక్కడ చిటికెడు గుడ్డ పట్టి పిన్ను పెడతారు. ఆ చిటికెడును కోత కాగితం మీద మడిచేసి, అంత మేరా ఛాతీ డార్టులో, అంటే ఛాతీ ఆకారం కోసం గుడ్డ మడిచి కుట్టే చోట, తెరవాలి. తర్వాత మెడ కంటే పావంగుళం పొట్టి టేపు తీసుకుని లోపల సాగదీసి కుట్టాలి, లేకపోతే ఏటవాలు గుడ్డ వారంలో నోరు తెరుస్తుంది. పూసలు కుట్టిన గౌనైతే ఆ బరువు భుజాల మీద పడకుండా నడుము లోపల గట్టి రిబ్బన్ వేసి హుక్కు పెట్టాలి. ముందు ఆ హుక్కు, తర్వాతే జిప్పు.

మొన్న సెలవుకొచ్చినప్పుడు పక్కింటి పిల్ల రిసెప్షన్ గౌను కుట్టమంది. తెర లేదు గదా, ఎదురుగా నిలబెట్టి, "చున్నీని దండనుకుని పెళ్లికొడుకు మెళ్లో వెయ్యమ్మా" అన్నాను.

"ఎంత ఎత్తు బాబాయ్?"

"ఆ అబ్బాయి ఎంతుంటాడో నీకే తెలియాల."

సిగ్గుపడుతూ రెండు చేతులూ ఎత్తింది. మెడ అంగుళం కదల్లేదు. నేను మురిసిపోతుంటే వాళ్లమ్మ వచ్చి చూసి, "బాగుంది గానీ అబ్బయ్యా, పైన నెట్ వేసి మెడ దాకా మూసెయ్, వాళ్ల తాత చూస్తే ఊరుకోడు" అంది.