హైదరాబాదు నుంచి రాజమండ్రికి సంసారం మార్చే ముందు: అద్దె కాదు, పిల్లల క్లాసు చూడండి

సంక్రాంతికి వచ్చి మూడు రోజులుండి, పుష్కరఘాట్ మెట్ల మీద సాయంత్రం గాలి పీల్చి "ఇక్కడికే వచ్చేస్తే పోలా" అనుకునేవాళ్ళు చాలామంది. జనవరిలో రాజమండ్రి ఎవరికైనా నచ్చుతుంది. ఊరిని చూడాల్సింది మే నెలలో ఒకసారి, గోదావరి ఎర్రగా పారే ఆగస్టులో ఇంకోసారి. ఆ రెండు నెలల్లో వారం చొప్పున ఉండి చూశాక కూడా మనసు మారకపోతే అప్పుడు లెక్కలోకి దిగొచ్చు.

లెక్క అనగానే అందరూ అద్దె దగ్గర మొదలెడతారు. నన్నడిగితే అద్దె ఆఖర్న చూడాల్సినది. మొదట చూడాల్సింది పిల్లలు ఏ క్లాసులో ఉన్నారన్నది. ఇక్కడ తప్పటడుగు పడితే నాలుగేళ్ళ తర్వాత ఈఏపీసెట్ (పాత ఎంసెట్) కౌన్సెలింగులో తెలుస్తుంది. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు.

రెండు రాష్ట్రాల్లోనూ ఇంజినీరింగ్, మెడిసిన్ సీట్లలో 85 శాతం స్థానికులకే. ఈ స్థానికత రాజ్యాంగంలోని 371-డి అధికరణం కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వుల నుంచి వచ్చింది. అందులో అసలు షరతు ఒక్కటే: అర్హత పరీక్ష రాసే ఏడాదితో ముగిసేలా వరుసగా నాలుగు విద్యా సంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. ఇంటర్ తర్వాతి ప్రవేశాలకైతే 9, 10, ఇంటర్ మొదటి ఏడు, రెండో ఏడు. రాష్ట్రం విడిపోయాక పదేళ్ళపాటు ఉమ్మడి ప్రవేశాల ఏర్పాటు ఉండేది. 2024 జూన్ 2తో అది ముగిసింది. మెడికల్ సీట్లకు 9 నుంచి 12 దాకా తెలంగాణలోనే చదవాలని ఆ రాష్ట్రం 2024లో పెట్టిన నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది కూడా.

ఇప్పుడు మీ ఇంటికి అన్వయించుకోండి. పాప 8వ తరగతి పూర్తిచేసిన వేసవిలో మారితే ఏ చిక్కూ లేదు, 9 నుంచి ఇక్కడే చదువుతుంది, ఆంధ్రా యూనివర్సిటీ ప్రాంతపు స్థానికురాలవుతుంది. 9 అయ్యాక మారితే? ఆంధ్రలో మూడేళ్ళే అవుతాయి, తెలంగాణలో ఆఖరి నాలుగేళ్ళు తెగిపోతాయి. రెంటికీ చెడ్డ రేవడి. ఉమ్మడి రాష్ట్రంలో అయితే ఏడేళ్ళ నిబంధన ఆదుకునేది: ఆరు నుంచి ఇంటర్ దాకా రాష్ట్రంలో ఎక్కడెక్కడ చదివినా, ఎక్కువకాలం చదివిన ప్రాంతానికి స్థానికులుగా లెక్క. తిరుపతి నుంచి రాజమండ్రికి వచ్చేవాళ్ళకి ఇప్పటికీ అది పనికొస్తుంది. హైదరాబాదు నుంచి వచ్చేవాళ్ళకి పనికిరాదు.

అలాంటి పిల్లలకి మిగిలేది 15 శాతం అన్‌రిజర్వుడు సీట్లు. తల్లిదండ్రుల్లో ఒకరు మొత్తం మీద పదేళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో నివసించినట్టు తహసీల్దారు ధ్రువపత్రం ఉంటే వాటికి పోటీ పడొచ్చు. కానీ ఆ సీట్లకి స్థానికులూ పోటీలో ఉంటారు కాబట్టి ర్యాంకు గట్టిగా ఉండాలి. జేఈఈ దారి వేరు. ఎన్ఐటీల్లో సొంత రాష్ట్రం కోటాకి 12వ తరగతి ఎక్కడ పాసయ్యారన్నదే లెక్క. ఇంటర్ రాజమండ్రిలో పాసైతే తాడేపల్లిగూడెం ఎన్ఐటీ సొంత రాష్ట్రపు సంస్థ అవుతుంది.

కాబట్టి నా మాట ఇది: పెద్దపిల్ల 9లోనో 10లోనో ఉంటే ఇంటర్ అయ్యేదాకా కదలొద్దు. తప్పదనుకుంటే ఆ ఒక్క పిల్లని హైదరాబాదులో హాస్టల్లో ఉంచి మిగతా సంసారం మార్చుకోండి. చూసేది పిల్ల చదివిన చోటునే, అమ్మానాన్నల చిరునామాని కాదు. మెడిసిన్, ఇంజినీరింగ్ ఊసే లేని పిల్లలకి ఈ బెంగ అక్కర్లేదు, కానీ 13 ఏళ్ళ పిల్ల సంగతి ఎవరు చెప్పగలరు?

స్కూలు మారేటప్పుడు జరిగే ఇంకో పొరపాటు టీసీ తీసుకుని వచ్చేయడం. టీసీ ఒక్కటే చాలదు. ఇప్పటిదాకా చదివిన ప్రతి స్కూలు నుంచీ ఏడాదివారీ స్టడీ సర్టిఫికెట్ విడిగా తీసుకోండి. చిన్న ప్రైవేటు స్కూళ్ళు మూతపడితే ఆ కాగితం కోసం మండల, జిల్లా విద్యాధికారుల (ఎంఈఓ, డీఈఓ) ఆఫీసుల చుట్టూ తిరగాలి. తెలంగాణ ఉద్యోగాలకి స్థానికత 2018 నుంచి 1 నుంచి 7వ తరగతి దాకా ఎక్కడ చదివారన్న దాన్నిబట్టి చూస్తున్నారు కాబట్టి, హైదరాబాదులో చదివిన ఆ చిన్న క్లాసుల కాగితాలు కూడా పారేయొద్దు. స్టేట్ సిలబస్ టీసీ మీద రాష్ట్రం మారుతున్నప్పుడు ఎంఈఓ లేదా డీఈఓ కౌంటర్ సంతకం అడుగుతారు, బయల్దేరే ముందే చేయించండి. బడిపిల్లల వివరాలుండే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో పాత స్కూలు పిల్ల పేరు వదిలేస్తేనే కొత్త స్కూలు పెన్ నంబరు (పిల్లకి అందులో ఉండే శాశ్వత నంబరు), పుట్టినతేదీతో తమవైపు లాక్కోగలుగుతుంది. వదలకపోతే జూన్‌లో బడికి వెళ్తున్నా రికార్డులో పిల్ల ఇంకా హైదరాబాదులోనే ఉంటుంది. సీబీఎస్ఈలో 9వ తరగతిలో, 11వ తరగతిలో బోర్డు రిజిస్ట్రేషన్ జరుగుతుంది కాబట్టి 10లోకి, 12లోకి నేరుగా మారాలంటే బోర్డు అనుమతి కావాలి. వచ్చే ఏడాది ఫీజు అడగకముందే పాత స్కూలుకి లెటర్ పెట్టండి, కట్టేశాక వెనక్కి రాబట్టడం కష్టం.

క్లాసు లెక్క కుదిరాకే డబ్బు లెక్క. ఉదాహరణకి ఒక కాగితం వేద్దాం, అంకెలు మీవి పెట్టుకోండి. అద్దె 30,000 నుంచి 15,000కి దిగింది, మెయింటెనెన్స్ 3,500 నుంచి 1,000కి, ఆఫీసు రాకపోకల 5,000 పోయింది. నెలకి 22,500 మిగులు. చాలామంది ఇక్కడే ఆగి సామాను సర్దడం మొదలెడతారు. కిందికి రండి. నెలకి రెండుసార్లు హైదరాబాదు పోవాలంటే టికెట్టు, క్యాబు, బస కలిపి ఒక్కోసారికి 4,500, అంటే 9,000. ఇంకో ఏసీ నడిపే కరెంటు 2,000. లారీ, ఏసీల బిగింపు, బండి లైఫ్ టాక్సు, కొత్త ఇంటి అడ్వాన్సు వడ్డీ, ఒక నెల రెండిళ్ళ అద్దె కలిపి 1,20,000 అయిందనుకుంటే రెండేళ్ళకి పంచితే నెలకి 5,000. మిగిలింది 6,500. భార్యాభర్తల్లో ఒకరి ఉద్యోగం పోతుందంటే ఈ 6,500 ఎటు కొట్టుకుపోతుందో చెప్పక్కర్లేదు. ఆ రెండో జీతం సంగతి ముందు తేల్చకుండా "ఖర్చు తక్కువ కదా" అనడం సగం లెక్కే.

ఇంటినుంచి పనిచేసే ఉద్యోగమైతే మేనేజరు నోటిమాట నమ్మొద్దు. హెచ్ఆర్ రికార్డులో బేస్ లొకేషన్ మారాలి, ఆఫీసుకి రమ్మంటే ఎన్ని రోజుల ముందు చెప్తారో, జీతం స్థాయి మారుతుందో లేదో మెయిల్లో రావాలి. వందే భారత్‌లో సికింద్రాబాదుకి సుమారు ఆరున్నర గంటలు, రాత్రి బండ్లు గౌతమి, గోదావరి ఉన్నాయి. నెలకి రెండు ప్రయాణాలంటే చేయొచ్చు. వారానికి మూడు రోజులు ఆఫీసంటే చేయలేరు, మొదటి నెల ఉత్సాహంలో చేసినా మూడో నెలకి నడుం పోతుంది. 2024 నవంబరు నుంచి రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తున్నారు. ఆదివారం రాత్రి బెర్తు కావాలంటే సరిగ్గా 60 రోజుల ముందు, అంటే బుధవారం పొద్దున 8 గంటలకి ఫోను పట్టుకుని కూర్చోవాలి. సంక్రాంతి తిరుగు ప్రయాణానికి నవంబరు మధ్యలో.

ఇంట్లో పెద్దవాళ్ళుంటే "అక్కడ మంచి హాస్పిటళ్ళున్నాయా" అని అడగొద్దు, ఉన్నాయనే అంటారు. ఇలా అడగండి: గుండెపోటొస్తే రక్తనాళం తెరిచే క్యాథ్ ల్యాబ్ రాత్రి 2 గంటలకి నడుస్తుందా? పక్షవాతానికి గడ్డ కరిగించే మందు 4.5 గంటల్లోపు ఇవ్వాలి, ఆ మందు, స్కానింగు రాత్రిపూట ఉంటాయా? న్యూరోసర్జన్ ఊళ్ళోనే ఉంటారా, వారానికోసారి వస్తారా? ఇంకో మాట, కొన్ని ఆరోగ్య బీమా పాలసీలు ఊళ్ళని జోన్లుగా విడగొడతాయి. చిరునామా మార్చగానే ప్రీమియం తగ్గుతుంది, కానీ రేపు హైదరాబాదులో ఆపరేషనైతే బిల్లులో కొంత శాతం మీ చేతినుంచి పెట్టుకోవాలి. ఆ నాలుగు రూపాయల తగ్గింపుకి ఆశపడకుండా పెద్ద జోనులోనే ఉంచుకోండి.

ఇల్లు. దానవాయిపేట, ప్రకాశ్‌నగర్ వైపు ఇళ్ళు ఆన్‌లైన్లో పెద్దగా కనపడవు, టూలెట్ బోర్డులు, పాలవాడు, కిరాణా కొట్టు ద్వారానే దొరుకుతాయి. ఓనరుగారు "ఆయ్, ఎవరి తాలూకండీ? ఇంటిపేరేవిటండీ?" అని మర్యాదగానే అడుగుతారు, అడిగేది మాత్రం కులమే. హైదరాబాదు అపార్టుమెంటుకి అలవాటుపడ్డవాళ్ళకి అది గుచ్చుకుంటుంది, ముందే తెలిసి ఉంటే మంచిది. చూడటానికి రెండుసార్లు వెళ్ళండి, ఒకటి వాన కురిసిన మర్నాడు. కంబాలచెరువు, తుమ్మలావ, ఆర్యాపురం లాంటి పల్లపు చోట్ల పెద్దవానకి నీళ్ళు నిలుస్తాయి. గోడ మీద నేలనుంచి అడుగెత్తున సున్నం పెచ్చులూడి గీతలా కనిపిస్తే ఆ ఇంట్లోకి నీళ్ళొచ్చాయన్నమాట. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75 అడుగులకి మొదటి, 13.75కి రెండో, 17.75కి మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తారు. దాంతో మునిగేది నది మధ్యనున్న లంకలే. ఊళ్ళోవాళ్ళకి తెలిసే తేడా వేరు: నది నిండుగా ఉన్నప్పుడు డ్రెయిన్ల నీరు నదిలోకి పోలేక వీధుల్లో ఆగుతుంది.

ఎండాకాలం గురించి హైదరాబాదీలకి ఒక భ్రమ ఉంటుంది: అక్కడ కూలరుతో నెట్టుకొచ్చాం, ఇక్కడా నెట్టుకొస్తామని. గాలి పొడిగా ఉంటేనే కూలరు చల్లబరుస్తుంది. గోదావరి ఒడ్డున గాలిలో తేమెక్కువ, కూలరు పెడితే గది ఆవిరి పట్టినట్టవుతుంది, దుప్పట్లు జిడ్డుగా అంటుకుంటాయి. ఉన్న కూలరు అమ్మేసి రండి, పడుకునే ప్రతి గదికీ ఏసీ లెక్క రాసుకోండి. కరెంటు పోతే ఇంటినుంచి పని ఆగకూడదంటే ఇన్వర్టరుకి 150 ఏహెచ్ ట్యూబులార్ బ్యాటరీ ఒకటి సరిపోతుంది: 12 వోల్టులు గుణించి 1,800 వాట్ అవర్లు, నష్టాలు పోను 1,100 దాకా చేతికొస్తాయి. రెండు ఫ్యాన్లు, రెండు లైట్లు, రౌటరు, ల్యాప్‌టాప్ కలిపి 270 వాట్లయితే నాలుగు గంటలు. నెట్ స్పీడు మధ్యాహ్నం కాదు, రాత్రి 9కి వీధంతా సినిమాలు చూసే వేళ పరీక్షించాలి. మంచినీళ్ళకి టీడీఎస్ (నీళ్ళలో కరిగిన లవణాలు) చూపే మీటరు కొనండి, కొన్ని వందల్లో వస్తుంది. మునిసిపాలిటీ గోదావరి నీళ్ళు 200 లోపు చూపిస్తే ఆర్‌వో అక్కర్లేదు, యూవీ చాలు. వరద నెలల్లో నీళ్ళలో ఒండ్రు పెరిగి సెడిమెంట్ కార్ట్రిడ్జ్ త్వరగా పూడుకుపోతుంది, ఒకటి అదనంగా ఉంచుకోండి. బోరు నీళ్ళయితే మీటరు చూసి ఆర్‌వో కావాలో వద్దో తేల్చుకోండి.

సామాను కట్టేటప్పుడు ఎక్కువ నష్టం ఏసీ దగ్గరే. తొందరలో ఉన్న టెక్నీషియన్ పైపు విప్పి గ్యాసు గాల్లోకి వదిలేస్తాడు, అక్కడ నింపించుకోండి అంటాడు. ముందుండి పంప్ డౌన్, అంటే గ్యాసుని బయటి యూనిట్లోకి లాగించడం, చేయించండి. ఏసీ కూలింగులో నడుస్తుండగా బయటి యూనిట్ పక్కనున్న రెండు వాల్వుల్లో సన్నపైపుది ముందు ఎలెన్ కీతో మూయాలి. గేజు ముల్లు సున్నా దగ్గరికి దిగగానే లావుపైపుది మూసి వెంటనే పవర్ ఆపాలి. అప్పుడు గ్యాసంతా బయటి యూనిట్లోనే ఉంటుంది. రాగి పైపుల చివర్లు కొత్త ఇంట్లో కోసి మళ్ళీ ఫ్లేరింగ్ (చివర గరాటులా వెడల్పు చేయడం) చేయించండి. పాతవే బిగిస్తే చిన్న పగులుతో రెండు నెలల్లో గ్యాసు పోతుంది. ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ కొన్నప్పుడు ఇచ్చిన ట్రాన్సిట్ బోల్టులు వెతికి వెనక బిగించండి, లేకుంటే దారి పొడుగునా డ్రమ్ము ఊగి స్ప్రింగులు దెబ్బతింటాయి. లారీవాళ్ళు ఈ-వే బిల్లు పేరుతో అదనం అడిగితే ఇవ్వొద్దు, వాడిన ఇంటి సామానుకి ఈ-వే బిల్లు అవసరం లేదు. గ్యాస్ సిలిండర్ లారీ ఎక్కించకూడదు: సిలిండరు, రెగ్యులేటరు ఏజెన్సీలో ఇచ్చేసి ట్రాన్స్‌ఫర్ వోచర్, డిపాజిట్ తీసుకుని, ఇక్కడ ఆ వోచర్ చూపించి కొత్త డిపాజిట్ కట్టాలి.

కాగితాలకి వరుస ఉంది: ముందు అద్దె ఒప్పందం, దాంతో ఆధార్ చిరునామా, దాని వెనక మిగతావి. ఓటుకి ఫారం 6 కాదు, ఫారం 8. రేషన్ కార్డుంటే తెలంగాణలో పేర్లు తీయించాకే ఇక్కడ దరఖాస్తు చేయండి. కారుకి తొందర లేదు. ఇంకో రాష్ట్రంలో 12 నెలలు దాటి ఉంటేనే నంబరు మార్చాలి. కాబట్టి ఊరు సరిపడిందో లేదో తేలడానికి ఏడాది గడువున్నట్టే. ఉండిపోతారనుకున్నాక, చలానాలన్నీ కట్టేసి, లోనుంటే బ్యాంకు లెటరు పెట్టి, ఫారం 28తో పాత ఆర్టీఏ ఎన్ఓసీ తెచ్చుకుని, ఇక్కడ ఫారం 27 వేసి బండి వయసునిబట్టి లైఫ్ టాక్సు కట్టండి. కొత్త కారు కొనే ఆలోచన ఉంటే మాత్రం హైదరాబాదులో కొనకుండా ఇక్కడికి వచ్చాకే కొనండి, రెండుసార్లు టాక్సు తప్పుతుంది.