చెంచు పోరల మీద సర్వేలు చేసేటోళ్లకు

మా అచ్చంపేట దిక్కు ప్రాజెక్టు వర్క్ అని ఎప్పుడూ ఎవరో ఒకరు దిగుతనే ఉంటరు, మన్ననూరు చెక్‌పోస్టు దాటి నల్లమల లోపటి చెంచు పెంటలకు (వాళ్ల చిన్న ఊర్లకు) పోవాలంటే పర్మిషన్లు, జీపు, ఇగ అదంతా ఎవరికి ఓపిక, అందుకే చానామంది రోడ్డు పక్కన ఏదన్న ఆశ్రమ స్కూల్‌కు పోయి దొరికిన పోరలను వరుసగ కూసోబెట్టి ఫారాలు నింపుకొని పోతరు.

గసుంటి ఫారం ఒకటి చూసిన. ఇంట్ల టీవీ ఉన్నదా, ఫ్రిజ్ ఉన్నదా, రోజు స్నానం చేస్తవా, నాయిన తాగుతడా. పోరడు తలకాయ దించుకొని లేదు, లేదు అనుకుంటనే పోయిండు. అదే పోరన్ని తేనె గురించి కదిలిస్తే ఆగడు, నాయిన కొండ అంచుకెళ్లి తాడు మీద దిగుతుంటే పైన తాడు పట్టుకునేది బామ్మర్దే అంట, కింద ఏలాడేది తన అక్క మొగుడు గదా, చెయ్యి ఇడువడని నమ్మకం (మన పెండ్లిళ్లల్ల బామ్మర్దులకు గింత బాధ్యత ఎప్పుడిచ్చినం?). ఏ గడ్డ ఏ కాలంల తవ్వాలె, మళ్ల మొలవనీకి ఎంత ఇడిచిపెట్టాలె, అన్నీ చెప్తడు. ఫారంల వాటికి జాగనే లేదు. ఆఖరికి రిపోర్టుల 'వెనుకబాటు' అని పడుతది. అడివోళ్లకు చదువెక్కదు అని స్టాఫ్‌రూంల నవ్వే సార్లకూ ఈ ఫారానికీ నాకైతే ఫరకు కనిపించలే, రెండూ రేసిజమే.

ఇంకోటి, పోరలను అడగనీకి పర్మిషన్. వార్డెన్ సంతకం పెడితే అయిపోయినట్టేనా? కెనడాల 1948 నుంచి 1952 దాకా ఆరు బోర్డింగ్ స్కూళ్లల్ల ఆదివాసీ పిల్లల తిండి మీద ప్రయోగాలు చేసిన్రు, ఆకలితోని ఉన్న పిల్లలల్ల కొందరికి విటమిన్లు ఇచ్చి, కొందరికి కావాలనే ఇయ్యకుండ చూసిన్రు, అమ్మానాయిన్లను అడిగినోడు లేడు. ఆ సంగతి 2013ల గాని అందరికీ తెల్వలే. అక్కడ గూడ స్కూల్ పెద్దలు సరేననే ఉంటరు.

దక్షిణాఫ్రికాల శాన్ అనే ఆదివాసీ జనం 2017ల రీసెర్చర్లకు సొంతంగ రూల్స్ రాసుకున్నరు, మా దగ్గరికి వచ్చేటోళ్లు గౌరవం, నిజాయితీ, న్యాయం పాటించాలె అని. మన పెంటలల్ల గట్ల రాసుకునేదాక ఆగక్కరలేదు. పోరలు సెలవులకు ఇంటికి పోయినప్పుడు పోండ్రి, అమ్మానాయిన ముందట అడుగుండ్రి, ఏం అడగాలెనో పోరలతోనే రాపియ్యుండ్రి. వద్దన్న పోరని కాగితం అక్కడనే చింపెయ్యుండ్రి, బిస్కెట్ పాకెట్ మాత్రం అందరితోపాటు వానికీ ఇయ్యుండ్రి.