ఒక్క ఫోన్ చేయొచ్చు కదా

ఒక సెట్టింగ్ మార్చేముందు ఒక్క ఫోన్ చేస్తే ఏం పోతుంది? పొద్దుటి నుంచి ఇదే మనసులో తిరుగుతోంది. ఆయన ఇంకా కడప క్యాంపులోనే ఉన్నారు, చిన్నది అత్తమ్మ దగ్గర పడుకుంది. ఎవరితో చెప్పుకోను, ఇక్కడ రాస్తున్నా.

కాటా మీది తూకాన్ని చీటీగా రైతు ఫోనుకు పంపే యాప్ మాది. పొద్దున్నే చీనీ (బత్తాయి) మార్కెట్ నుంచి కాటా అబ్బాయి ఫోన్. "అక్కా, రైతుల ఫోన్లకు చీటీలు పోతాలేవు. ట్రాక్టర్లన్నీ నిలబడిపోయినాయి." లాగులు, అంటే యాప్‌కు వచ్చిన రిక్వెస్టుల చిట్టా, తెరిస్తే ఒక్క ఎర్రర్ కూడా లేదు. ఎర్రర్ ఉంటే పట్టుకోవచ్చు. అసలు రిక్వెస్టే రాకపోతే దేన్ని పట్టుకోవాలి? అదే కంప్యూటర్లో క్రోమ్ తెరిస్తే యాప్ చక్కగా వస్తోంది.

తీరా చూస్తే హైదరాబాద్ టీమ్ వాళ్లు రాత్రికి రాత్రి క్లౌడ్‌లో మినిమం టీఎల్ఎస్‌ను 1.0 నుంచి 1.2కి మార్చారు. టీఎల్ఎస్ అంటే నెట్‌లో పోయే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవకుండా, మార్చకుండా వేసే తాళం; ఇక 1.2 కంటే పాత తాళంతో వచ్చేవాటిని లోపలికి రానివ్వరు. కాటా గదిలో ఉన్నది విండోస్ 7. అందులో 1.2 ఉంది, కానీ అప్‌డేట్ వేసి రిజిస్ట్రీలో (విండోస్ లోపలి సెట్టింగుల్లో) తెరిస్తే తప్ప తూకం పంపేలాంటి పాత ప్రోగ్రాములు 1.0తోనే అడుగుతాయి. హ్యాండ్‌షేక్ దగ్గరే, అంటే ఏ వర్షన్‌తో మాట్లాడుకోవాలో రెండు వైపులా ఒప్పుకునే మొదటి మెట్టులోనే, కట్. అక్కడ తెగితే మన అప్లికేషన్ దాకా ఏదీ రాదు. క్రోమ్‌కు సొంత టీఎల్ఎస్ ఉంది కాబట్టి దానికి ఏ ఇబ్బందీ లేదు. ఎందుకు మార్చారని అడిగితే "ఆడిట్" అన్నారు. అంతే, ఇంకో మాట లేదు.

నాయనతో మార్కెట్‌కు పోయిన రోజులు గుర్తొచ్చాయి. కాటా మీద ఎంత తూగిందో మాకు కనబడేది కాదు. మండీ గుమాస్తా చెవి మీది పెన్సిల్ తీసి చిన్న కాగితం మీద రాసిచ్చేవాడు, సూట్ కోత (తరుగు పేరుతో తూకంలో తగ్గించేది) కూడా అందులోనే. బస్సులో నాయన ఆ చీటీ మాటిమాటికీ జేబులోంచి తీసి వేళ్ల మీద లెక్క కట్టేవాడు. ఎన్నిసార్లు కట్టినా తేలేది కాదు. ఇంటికొచ్చాక జేజి "ఎంతొచ్చిందిరా?" అంటే జవాబు చెప్పకుండా చెంబు తీసుకుని కాళ్లు కడుక్కోవడానికి పోయేవాడు. అందుకే ఎవరి చేయీ పడకుండా తూకం నేరుగా రైతు ఫోనుకు పోవడం నాకు ఉద్యోగం కంటే ఎక్కువ.

మధ్యాహ్నం దాకా "1.0కే తిప్పేయండి" అని పట్టుబట్టాను. రాస్తూ ఉంటే అది సరికాదనిపిస్తోంది. 1.0 అనేది 1999 నాటిది. దాన్నీ 1.1నూ 2021 మార్చిలోనే అధికారికంగా పక్కన పెట్టేశారు. ఆ చీటీతో పాటు రైతు బ్యాంకు ఖాతా నంబరు కూడా పోతుంది. దారి మధ్యలో ఎవరైనా తూకం మార్చగలిగితే ఆ గుమాస్తా పెన్సిల్‌కూ దీనికీ తేడా ఏముంది? మార్చాల్సిందే. ఎప్పుడో మార్చాల్సింది.

కానీ చెప్పి మార్చాలి. వచ్చే రిక్వెస్టులను ముందుగా అందుకుని సర్వర్లకు పంచే లోడ్ బ్యాలెన్సర్ లాగుల్లో ప్రతి రిక్వెస్ట్‌కూ టీఎల్ఎస్ వర్షన్ రాసి ఉంటుంది. ఒక వారం లాగులు తీసి 1.0తో వచ్చేవి ఏవో చూసి ఉంటే మా కాటా అందులో కనబడేది. పండిన కాయ మార్కెట్లో ఎండకు నిలబడితే నష్టం ఎవరికి? ఆడిట్ వాళ్లకు కాదు కదా.

అన్నట్టు, హైదరాబాద్ వాళ్లు హెచ్‌టీటీపీ 2 (వెబ్ పేజీలు తెచ్చే పద్ధతిలో కొత్త వర్షన్) కూడా ఆన్ చేశారు. ధరల పేజీలో ఫొటోలన్నీ ఒకే కనెక్షన్ మీద గబగబా వస్తున్నాయి. అది బాగుంది.

రిజిస్ట్రీ సరిచేశాక సాయంత్రం కాటా అబ్బాయి "పోతాండాయి అక్కా" అన్నాడు. మిగతా మండీల్లో విండోస్ 7 ఇంకెక్కడెక్కడ ఉందో రేపు పాత లాగుల్లో వెతికి, ఒక్కొక్కరికీ నేనే ఫోన్ చేస్తా.