బాకీ కొట్టేస్తే ఎంత?

జూలైలో మా అమ్మాయికి ఏడో తరగతి లెక్కల యూనిట్ టెస్టులో 25కి 8 వచ్చాయి. ఆ పేపరును బ్యాగు అడుగున మడిచి దాచింది. రెండు వారాల తర్వాత నా కంటబడింది. మార్కుల కన్నా, నా దగ్గర దాచిందన్నదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

మేముండేది బెంగళూరు మారతహళ్లిలో. ఇక్కడ ట్యూషన్లకు కొదవ లేదు, ఏడాదిగా పంపుతూనే ఉన్నాం. అక్కడా బడిలో చెప్పిన పాఠాన్నే ఇంకోసారి చెప్పేవారు. పేరెంట్స్ మీటింగులో అడిగితే, ఇంకా ప్రాక్టీస్ చేయించమన్నారు. దేన్ని ప్రాక్టీస్ చేయించాలో నాకు తెలియలేదు.

ఒక ఆదివారం ఆరో తరగతి పేపర్లు కూడా ముందేసుకుని, పోయిన ప్రతి మార్కు పక్కన ఎందుకు పోయిందో రాశాను. ఎక్కాలు బాగానే వచ్చు. సమీకరణాల్లో పోయిన మార్కులు కూడా తీరా చూస్తే భిన్నాల దగ్గరో, మైనస్ గుర్తు దగ్గరో పోయినవే. అంటే ఐదో తరగతి నుంచీ ఉన్న సందేహం మీద ఏడో తరగతి పాఠాలు పేరుస్తున్నాం. ట్యూషన్ మాన్పించి, రోజూ రాత్రి భోజనానికి ముందు ఇరవై నిమిషాలు నేనే కూర్చోవడం మొదలుపెట్టాను.

మొదటిరోజు 1/2కి 1/3 కలపమంటే 2/5 అని రాసింది. తప్పని చెప్పలేదు. ఒక కాగితాన్ని నిలువుగా సగానికి, అడ్డంగా మూడు భాగాలకు మడిచి విప్పించాను. ఆరు గళ్లు వచ్చాయి. సగమంటే మూడు గళ్లు, మూడో వంతంటే రెండు. వేలు పెట్టి లెక్కపెట్టుకుని, "ఆరులో ఐదు కదమ్మా!" అంది. కాసేపాగి తనే, "సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తక్కువ ఎలా వస్తుంది? రెండు బై ఐదు సగం కూడా లేదు" అంది. నాకు కళ్లు చెమర్చాయి. భిన్నాలు కలిపేటప్పుడు క.సా.గు. (ఎల్.సి.ఎం.) ఎందుకు తీస్తామో ఆ రాత్రే అర్థమైంది తనకి.

మైనస్‌లకు ఇంకా ఎక్కువ రోజులు పట్టింది. లిఫ్టులో మూడో అంతస్తు నుంచి ఐదు దిగితే మైనస్ రెండు బేస్‌మెంట్, అంతవరకూ సులువే. మైనస్‌లోంచి మైనస్ తీసేయడం దగ్గర ఆగిపోయింది. అప్పుడు అప్పు లెక్క చెప్పాను.

"నీ దగ్గర 30 రూపాయలున్నాయి. నాకు 50 బాకీ. మొత్తం మీద ఎంత?"

"మైనస్ 20."

"ఆ బాకీ కొట్టేశాను. ఇప్పుడు?"

"30... అంటే 50 పెరిగిందా!"

క్రీ.శ. 628లో గణితవేత్త బ్రహ్మగుప్తుడు ఈ మైనస్ లెక్కల నియమాలు రాసినప్పుడు వాడిన మాటలు కూడా ధనం, ఋణం. నేను తెలుగు మీడియంలో చదువుకున్న ధన, ఋణ సంఖ్యల పేర్లలోనే ఈ అర్థం ఉందని చెబితే ఆశ్చర్యపోయింది.

మొన్న 25కి 17 వచ్చాయి. పేపరు తనే తెచ్చి బల్ల మీద పెట్టింది. పోయిన ఎనిమిదిలో ఐదు, కథలా ఇచ్చే లెక్కల్లోవి. ఈ వారం వాటి మీద కూర్చున్నాం.