పాత స్క్రోల్ సా కొన్న కథ, ఇప్పటిదాకా

మొదటి వారం

కోపింగ్ రంపంతో (సన్నని బ్లేడుతో వంపులు కోసే చేతిరంపం) చెక్కలో సీతాకోకచిలుక కోస్తున్నా. చుట్టూ కోయడం బాగానే సాగింది కానీ, రెక్కల్లోని బెజ్జాల దగ్గరికొచ్చేసరికి ఓపిక అయిపోయింది. బ్లేడు విప్పు, బెజ్జంలో దూర్చు, మళ్లీ బిగించు, చెయ్యి వంగకుండా నిలువుగా లాగు. నాలుగు బెజ్జాలకే సాయంత్రం మొత్తం పోయింది. ఆ రాత్రే స్క్రోల్ సా, అంటే సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ కోసే కరెంటు రంపం, కొనాలని తేల్చుకున్నా. ఈ సరదా ఎన్నాళ్లుంటుందో నాకే నమ్మకం లేదు కాబట్టి పాతదే.

వెతకడం మొదలుపెట్టగానే ఒక తప్పుదారి పట్టాను. అమ్మేవాళ్లంతా ముందు రాసేది 16 అంగుళాలు, 18 అంగుళాలు, 20 అంగుళాలు అని. అది బ్లేడు నుంచి వెనకవైపు ఫ్రేము దాకా ఉన్న ఖాళీ. 16 అంగుళాల మెషీన్ మీద 32 అంగుళాల వెడల్పున్న పలకకైనా నడిమధ్య దాకా బ్లేడు అందుతుంది. నేను కోసేవేమో అరచేతిని దాటవు! రెండు రోజులు ఆ అంకెల్నే పోల్చుకుంటూ కూర్చున్నా.

నాకు నిజంగా కావలసిన సంగతి ఇంకోటి. ఈ మెషీన్లలో ఎక్కువ వాటికి 5 అంగుళాల బ్లేడ్లే, కానీ అవి రెండు రకాలు. ఒక రకానికి రెండు చివరలా అడ్డంగా చిన్న పిన్ను ఉంటుంది, కొక్కేనికి తగిలించినట్టు తగిలిస్తాం. రెండో రకానికి పిన్ను ఉండదు, క్లాంపులో పెట్టి స్క్రూతో బిగించాలి. పిన్ను బ్లేడు మార్చడం చాలా తేలిక. అయితే లోపలి కోతకు ఆ పిన్ను దూరేంత బెజ్జం కావాలి, అంటే సుమారు 5 మిల్లీమీటర్లు. పిన్ను లేని 5వ నంబరు బ్లేడు వెడల్పు 1 మిల్లీమీటరే, దానికి 1.5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ సరిపోతుంది. సీతాకోకచిలుక రెక్కలో 5 మిల్లీమీటర్ల బెజ్జం పెడితే ఇక కోయడానికి మిగిలేది ఏముంది? అందుకని పిన్ను లేని బ్లేడు పట్టని మెషీన్ ఎంత చవకగా వచ్చినా వద్దనుకున్నా.

రెండో వారం

మొదటి మెషీన్ చూశాను. పెయింటు మెరిసిపోతోంది, టేబుల్ మీద గీత కూడా లేదు. ఆన్ చేయగానే టకటకమని చప్పుడు. "అన్ని మెషీన్లూ అంతేనండీ, కాస్త ఊగుతాయి" అన్నాడు అమ్మేవాయన. ఆ మాటలో సగం నిజం ఉంది. స్క్రోల్ సా అన్నాక ఎంతో కొంత అదురుతుంది. బరువైన బల్లకు బోల్టులతో బిగిస్తే అది చాలావరకు తగ్గుతుంది. కానీ ప్లగ్ తీసి, బ్లేడు బిగువు వదిలేసి, మెషీన్ పై చేయి (బ్లేడు పై చివరను పట్టి ఉంచే పొడవాటి కడ్డీ) కొసను పట్టుకుని పక్కలకు ఊపితే గణగణలాడింది. లోపల బుష్షులు, అంటే ఆ చేయి కదిలే చోట ఉండే తొడుగులు, అరిగిపోయాయన్న మాట. అదురును బల్ల తగ్గిస్తుంది, ఈ వదులును ఏ బల్లా తగ్గించలేదు. పైగా పిన్ను బ్లేడ్లు మాత్రమే పట్టే రకం. దండం పెట్టి వచ్చేశా.

మూడో వారం

ఒకటి మరీ పాతకాలంది. పై చేయి కదలదు, బ్లేడును పైకి లాగేది ఒక స్ప్రింగు. బ్లేడు కిందికి వెళ్లేటప్పుడు ఒక బిగువు, పైకి వచ్చేటప్పుడు ఇంకో బిగువు. సన్నని బ్లేడ్లు దాని మీద ఎక్కువసేపు బతకవు. చూడ్డానికి మాత్రం ముచ్చటగా ఉంది, ఇంట్లో అలంకారానికి పెట్టుకోవచ్చు. ఇప్పటి మెషీన్లలో పై చేయి, కింది చేయి కలిసి కదులుతాయి కాబట్టి బ్లేడు బిగువు దాదాపు ఒకేలా ఉంటుంది.

నాలుగో వారం

కొనేశా. 16 అంగుళాలది, స్పీడు మార్చుకునే రకం, టేబుల్ నిండా తుప్పు. పొట్టు ఊదే గొట్టం చీలిపోయింది, బ్లేడు చుట్టూ ఉండాల్సిన గుండ్రటి బిళ్ల లేదు. ఇవన్నీ చూసే ఎవరూ ముట్టుకోలేదేమో. పై చేయి ఊపితే మాత్రం పక్కకు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

ఈసారి సంచిలో రెండు కొత్త బ్లేడ్లు, చిన్న మూలమట్టం, టార్చి, 20 మిల్లీమీటర్ల మందం చెక్క ముక్క పట్టుకెళ్లా. ముందు ప్లగ్ పెట్టకుండా మోటారును చేత్తో ఒక పూర్తి చుట్టు తిప్పి చూశా, ఎక్కడా పట్టేయలేదు. తర్వాత బ్లేడు బిగించి వేలితో మీటితే తంబుర తీగలా ఖంగుమంది. వదులుగా ఉంటే దబ్‌మని మొద్దు చప్పుడు వస్తుంది. ఐదు నిమిషాలు నడిపాక మళ్లీ మీటి చూడాలి, అసలు పరీక్ష అదే. నేను మీటకముందే బ్లేడు పై క్లాంపులోంచి జారి ఊడిపోయింది. అమ్మేవాయన ముఖం వాడిపోయింది, నేను మాత్రం స్క్రూ విప్పి టార్చి వేసి చూశా. స్క్రూ కొస వాడి వాడి అద్దంలా నున్నగా అయింది, మీద నూనె. ఇది బాగుచేసుకోగల జబ్బే. చివరికి పదిహేను నిమిషాలు నడపనిచ్చి మోటారు మీద చెయ్యి పెట్టా. గోరువెచ్చగా ఉంది, కాలిన వాసన లేదు. బేరం కుదిరింది.

అన్నట్టు, అక్కడ నేను చేసిన ఘనకార్యం కూడా రాయాలి. మొదటిసారి బ్లేడు తలకిందులుగా పెట్టా. చెక్క ముక్క ఎగిరెగిరి పడింది. పళ్లు మనవైపు, కిందికి చూస్తూ ఉండాలి. వేలికొసతో కింది నుంచి పైకి మెల్లగా నిమిరితే పళ్లు గుచ్చుకోవాలి.

ఐదో వారం

క్లాంపు మధ్య 220 నంబరు గరుకు కాగితం మడిచి పెట్టి రుద్దా, స్క్రూ కొసను కూడా. థిన్నర్‌తో నూనె తుడిచా. కొత్త బ్లేడ్ల మీద కూడా సన్నటి నూనె పొర ఉంటుంది, వాటి చివరలను కూడా కాస్త రుద్దాక జారడం ఆగింది. తుప్పు సన్నటి స్టీల్ ఊల్‌తో పోయింది. టేబుల్‌కు నూనె రాయలేదు, చెక్కకు మరక పడుతుంది. మైనం పూశా, చెక్క జర్రున జారుతోంది. ఊదే గొట్టం బదులు చేపల తొట్టికి వాడే గాలి గొట్టం అతికింది. పోయిన బిళ్లను పల్చటి ప్లైవుడ్‌తో ఈ మెషీన్ మీదే కోసుకున్నా. ఊడిన పన్ను తానే కట్టించుకుంది!

టేబుల్ బ్లేడుకు సరిగ్గా 90 డిగ్రీల్లో ఉందో లేదో చూడ్డానికి మూలమట్టం కన్నా మంచి ఉపాయం దొరికింది. మందపాటి చెక్క అంచున 2 మిల్లీమీటర్ల లోతు కోత పెట్టి, మెషీన్ ఆపి, ఆ ముక్కను టేబుల్ మీదే తిప్పి బ్లేడు వెనక్కి తేవాలి. బ్లేడు వీపు ఆ కోతలో ఇమిడితే టేబుల్ సరిగ్గా ఉన్నట్టే. నాది ఇమడలేదు. టేబుల్ కింద డిగ్రీల ముల్లు సున్నా చూపిస్తున్నా సరే, నిజం కోతదే. మూడు సార్లు సర్దితే కుదిరింది.

ఆరో వారం

తిన్నటి గీత మీద కోస్తే కోత కుడివైపుకు లాగుతోంది. మోసపోయానా అనుకుంటూ టేబుల్ మళ్లీ చూశా, మెషీన్ చేతులు చూశా. తప్పు మెషీన్‌ది కాదు. బ్లేడు తయారయ్యేటప్పుడు పళ్లకు ఒక పక్క గరుకు అంచు మిగులుతుంది, ఆ పక్కే ఎక్కువ కోస్తుంది. చెక్కను కొద్దిగా ఏటవాలుగా తోయడమే మందు. రెండు సాయంత్రాల్లో చేతికి అలవాటైంది.

ఇప్పటికి ఆరు బ్లేడ్లు విరిగాయి. రెండు పక్కకు తోసినందుకు, ఒకటి మరీ బిగించినందుకు. మిగతావి పల్చటి చెక్కతోనే పోయాయి, ఎప్పుడూ అవే నాలుగు పళ్లు అరుగుతాయి కదా. కింద ఇంకో ప్లైవుడ్ ముక్క వేసి ఎత్తు పెంచితే పైనున్న కొత్త పళ్లు పనిలోకి వస్తాయి.

సీతాకోకచిలుక రెక్కల్లో పన్నెండు బెజ్జాలు అయ్యాయి, గంటన్నరలో. కళ్లు మిగిలాయి, వాటికి ఇంకా సన్నని 2/0 నంబరు బ్లేడు కావాలి. తక్కువ స్పీడులో మెషీన్ అప్పుడప్పుడు జర్కు ఇస్తోంది, స్పీడు నాబ్ లోపల దుమ్ము చేరిందని అనుమానం. ఆదివారం ప్లగ్ తీసి విప్పుతా.